పాడె సీను

"మీరేం జేస్కుంటరో జేస్కోన్రి. మా అవ్వను మాత్రం పాడె ఎక్కనియ్య" అన్నాడు మొగిలి, కట్టిన పాడెకు అడ్డంగా నిలబడి.

వర్ష తల పట్టుకుంది. పొద్దున్నుంచీ మొగిలి తల్లి వజ్రమ్మ చచ్చిపోతూనే ఉంది. వాకిట్లో పడుకోబెట్టి, నుదుట రూపాయి బిళ్ళ అతికించి తీసిన షాట్లన్నీ బ్రహ్మాండంగా వచ్చాయి. మధ్యమధ్యలో నవ్వు ఆపుకోలేకపోవడం తప్ప, శవంగా వజ్రమ్మకు వంక పెట్టడానికేమీ లేదు.

"నాదేం బొయ్యిందిరా, ఎక్కుతనంటున్న గద" అంది వజ్రమ్మ అరుగు మీద కూర్చుని, చాయలో బిస్కెట్టు ముంచుకుంటూ.

"నువ్వూకో అవ్వా! కట్టిన పాడె ఎవలనో ఒకలను తోల్కపోకుంట ఊకోదు. నాకున్నది ఒక్క తల్లివి."

వర్ష, విశాల్ అక్కచెల్లెళ్ళ పిల్లలు. జనగామ నుంచి బండి మీద వచ్చి, దేవరుప్పుల చుట్టుపక్కల పల్లెల్లో ఫోనుతో చిన్న సినిమాలు తీస్తారు. కథ, డైరెక్షన్ అక్కవి. కెమెరా, ఎడిటింగ్ తమ్ముడివి. చూసినవాళ్ళ తిట్లు ఇద్దరివీ. అట్టముక్కలతో పాడె చేద్దామని విశాల్ అంటే, "కామెంట్లల్ల దుమ్మెత్తి పోస్తరు" అని పచ్చి వెదురుతో నిజమైన పాడెనే కట్టించింది వర్ష. ఇప్పుడు అదే మెడకు చుట్టుకుంది.

"అక్కా, పొద్దు గూకుతున్నది" గొణిగాడు విశాల్. "రేపటి సంది మొగిలన్న నాట్లకు పోతడు. ఇయ్యాల గాకపోతే మన సినిమా పాయె."

వర్ష మొగిలి దగ్గరికి నడిచింది. "మొగిలన్నా, పాడె మీద మొఖం కనబడదు. నిండ కప్పుతం. అవ్వ చీర కట్టుకోని నేనే పండుకుంట. అప్పుడు సరేనా?"

"నీకు మాత్రం తల్లి లేదా బిడ్డా? వద్దు. కట్లిప్పి వాగుల పారేద్దాం."

"నన్నేం తోల్కపోతదన్నా! నా నోటికి జడిసి మల్ల ఇంటికాడ్నే దింపిపోతది."

అందరూ నవ్వారు. మొగిలి నవ్వలేదు. కానీ తల్లి గండం తప్పిందన్న ఊరట అతని మొహంలో కనిపిస్తూనే ఉంది. దాన్ని దాచుకోలేక సిగ్గుపడుతూ నిప్పుకుండ అందుకున్నాడు.

విశాల్ ముందుగా దింపుడు కల్లం దగ్గరికి వెళ్ళి ఫోను పట్టుకుని నిలబడ్డాడు. శ్మశానానికి పోయే దారిలో పాడెను దించి, చెవిలో మూడుసార్లు పిలిచే చోటది. కొనఊపిరి మిగిలి ఉంటే పలుకుతారేమోనని మనిషికి ఆశ. సినిమాకు ఇదే ప్రాణం లాంటి సీను. కొడుకు పిలవాలి, తల్లి పలకకూడదు, ఆ మౌనం మీద సినిమా అయిపోవాలి.

పాడె వచ్చింది. డప్పుల చప్పుడు తర్వాత కలుపుకోవచ్చనుకున్నారు కాబట్టి అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. మొగిలి కుండతో ముందు నడుస్తున్నాడు. కుండ పట్టినవాడు వెనక్కి చూడకూడదు కాబట్టి అతను చూడలేదు. పొలాల మీది గాలికి మోసేవాళ్ళ కండువాలు ఎగురుతున్నాయి. పాడె మీది తెల్లబట్ట మాత్రం కదలడం లేదు. అంచులు గట్టిగా దోపుకున్నట్టుంది, అక్క పనంటే పనే అనుకున్నాడు విశాల్.

నలుగురూ పాడె దించారు. ముందువైపు మోసిన గోవర్ధన్ భుజం రుద్దుకున్నాడు.

"సన్నగ కనబడ్తది గని, గింత బరువేందిరా ఈ పిల్ల!"

"జర సప్పుడు జెయ్యకున్రే, షూటింగ్ నడుస్తున్నది" కసిరాడు విశాల్. "అక్కను జూసి నేర్చుకోన్రి. ఊపిరి పీల్చేది గూడ కనబడనిస్తలేదు."

"మేం చాయ తాగొచ్చేసరికే కప్పుకోని పండుకున్నది. పిలిస్తే గూడ పలకలె" అన్నాడు గోవర్ధన్.

ఆ మాటకు విశాల్‌కు ముచ్చటేసింది. ఫోను కొంచెం ముందుకు జరిపి, కానిమ్మని సైగ చేశాడు.

మొగిలి మోకాళ్ళ మీద కూర్చుని తలవైపు వంగాడు.

"అవ్వా..."

మొదటిది నటనే.

"అవ్వా..."

రెండోసారి నటన కాదు. అక్కడున్నది వర్షేనని తెలిసినా, ఏదో ఒకనాడు ఇదే చోట నిజంగా ఇట్లాగే పిలవాలి కదా అనిపించి అతనికి ఏడుపు తన్నుకొచ్చింది. మూడోసారి లోకాన్నే మరిచి పిలిచాడు.

"అవ్వా!"

"ఓ... ఒస్తున్న" అంది బట్ట కింది నుంచి గొంతు.

మొగిలి వెల్లకిలా పడ్డాడు. గోవర్ధన్ పగలబడి నవ్వాడు. విశాల్‌కు ఒళ్ళు మండిపోయింది.

"కట్! ఏందక్కా గీ షరారత్? పీనుగ యాడన్న పలుకుతదా? మొగిలన్నకు మల్ల గసొంటి ఏడుపు వస్తదా? లే, సీను మల్ల తీద్దాం."

బట్ట కదలలేదు.

"సాలు గని లే అక్కా."

చేతిలో ఫోను మోగింది. తెర మీద పాడె మాయమై, అక్కడ 'అక్క' అనే పేరు కనిపించింది. విశాల్ పాడె వైపు చూస్తూనే స్పీకర్ నొక్కాడు.

"ఏడున్నర్రా మీరంత?" అరుస్తోంది వర్ష. "ఇంట్ల అవ్వ నాకింకా చీర కుచ్చిళ్ళే పెడ్తున్నది, నేనెక్కకుంటనే పాడె ఎత్తుకపోయిన్రేందిరా?"