మెత్తటి అడుగు

పడవెక్కిన మొదటి రోజే ముసలాయన సుత్తి అనేవాడి చేతివేళ్లు తొక్కాడు.

సుత్తి అప్పుడు డెక్కు మీద కూర్చుని చిరిగిన తెరచాపకు కుట్లు వేస్తున్నాడు. ఆ పడవలో కెప్టెన్ తర్వాత అతనిదే పెత్తనం. పిడికిలి బరువును బట్టి వచ్చిన పేరది. అసలు పేరు కట్టుకున్న పెళ్లానికి కూడా గుర్తులేదంటారు.

లేచి ఒక్కటిచ్చాడు. ముసలాయన వెళ్లి తెరచాప కొయ్యకు కొట్టుకున్నాడు. పెదవి చిట్లింది.

"కళ్లు నెత్తికెక్కాయా?"

"తప్పయింది బాబూ. చూసుకోలేదు."

అంతే. ఎదురు మాట లేదు. సుత్తికి అదే ఒళ్లు మండించింది. తిరగబడని వాణ్ని కొడితే చేతికి తృప్తి ఉండదు.

ఒక కళాసి జ్వరమొచ్చి దిగిపోతే, నాలుగు రోజుల ప్రయాణానికి రేవులో దొరికిన మనిషి ఈ ముసలాయన. తాళ్ల పని ఆయనకు కొట్టిన పిండి. చేతికి ఏ తాడు తగిలినా అది ఏ తెరచాపదో ఇట్టే చెప్పేవాడు. పని లేనప్పుడు మాత్రం బూట్లు ఒళ్లో పెట్టుకుని, వాటి అడుగులు తడుముతూ కూర్చునేవాడు.

"ఊళ్లో తిరిగిన బూట్లతో డెక్కు మీదికి రాకు బాబూ. రోడ్డు మీది నూనె అడుక్కి పట్టేస్తుంది. తడిసిందంటే సబ్బు మీద నడిచినట్టే," అన్నాడోసారి సుత్తితో.

"నువ్వేమన్నా బూట్ల కొట్టు పెట్టావా?"

"కొనేటప్పుడు గోరుతో నొక్కి చూడు. రబ్బరు దిగాలి. గీతలు సన్నగా, దగ్గర దగ్గరగా ఉండాలి. నీవి టకటకమంటున్నాయి. గట్టిపడిపోయాయి."

కళాసులు కిసుక్కుమన్నారు. సుత్తికి ఆ నవ్వు చెంపదెబ్బలా తగిలింది.

మూడో రోజు పొద్దున సుత్తి బూట్లు కనబడలేదు.

ముసలాయన దగ్గర దొరికాయి. పక్కన చిన్న గిన్నెడు మంచినీళ్లు. కత్తి మొనతో గీతల్లోని ఇసుక గీకి, గట్టిపడ్డ అడుగుని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు.

"దొంగవెధవా. తాగే నీళ్లతో బూట్లు కడుగుతున్నావా?"

"నా వాటా నీళ్లే బాబూ. ఉప్పు వదలకపోతే రబ్బరు..."

మాట పూర్తికాకుండానే డొక్కలో తన్నాడు. పడిపోయాక మళ్లీ తన్నాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. అయినా ఆపలేదు. ఇద్దరు కళాసులు, కెప్టెన్ కలిసి రెక్కలు పట్టుకుని లాగితే గానీ ఆగలేదు.

"చంపేస్తావా ఏంటి?" అన్నాడు కెప్టెన్.

"చస్తే చావనీ."

ముసలాయన ఊపిరి కూడదీసుకున్నాడు. చెక్కల మీద చేత్తో వెతికి, బూట్లు అందుకుని ముందుకు తోశాడు.

"నీడలో ఆరనీ. ఎండలో పెట్టకు," అన్నాడు.

మధ్యాహ్నానికి గాలి తిరిగింది.

రెండు గంటల్లో సముద్రం కొండలు కొండలుగా లేచింది. ముందు తెరచాప తాడు తెగి కొరడాలా విసురుగా వచ్చి, ఒక కళాసి చెంపని ఎముక దాకా చీల్చింది. అడ్డకొయ్య విరిగి ఇంకొకడి భుజం మీద పడింది. సుత్తి దాన్ని తప్పించుకోబోయాడు. కాలికి తాడు చుట్టుకుంది. నుదురు కమ్మీకి కొట్టుకుని రక్తం కళ్లలోకి కారింది. అల వెనక్కి పోతూ అతన్ని నడుము దాకా పడవ అంచు దాటించేసింది.

కెప్టెన్ చుక్కాని వదిలితే పడవే బోల్తా. మిగిలినవాళ్లు తెరచాప కొయ్యని కరుచుకుని కూర్చున్నారు. ఉప్పునీటి జల్లుకి ఎవరూ తలెత్తలేకపోతున్నారు.

ముసలాయన ఒక్కడే కదిలాడు. మోకాళ్లు వంచి, పాదాలు ఎత్తకుండా, డెక్కుని రాసుకుంటూ వస్తున్నాడు. అల నెత్తి మీదుగా పోయినా ఆ అడుగు జారలేదు.

"కేకెయ్," అన్నాడు. "ఆపకు. కేకేస్తూనే ఉండు."

కసి తీర్చుకుంటున్నాడనుకున్నాడు సుత్తి. తన చావుకేక వినాలని సరదా పడుతున్నాడనుకున్నాడు. అయినా ప్రాణభయంతో అరిచాడు.

కాలరు మీద చెయ్యి పడింది. ఇంకో చేత్తో తాడు తడిమి, కత్తితో కోసేశాడు ముసలాయన.

"ఇప్పుడు కాలు ఆనించి తన్ను."

సుత్తి తడిచెక్కకి, పొద్దున ముసలాయన రుద్దిన బూటు ఆనించాడు. పట్టు దొరికింది. ముసలాయన బలమంతా పెట్టి లాగాడు. ఇద్దరూ డెక్కు మీద పడ్డారు. పక్కకి తిరిగి ముసలాయన దగ్గాడు. నురగతో ఎర్రటి రక్తం వచ్చింది.

రేవు చేరేలోపే పోయాడు.

"విరిగిన పక్కటెముకతో ఏదో పెద్ద బరువు లాగాడు. ఆ ఎముక ఊపిరితిత్తిలో దిగింది," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు.

"విరగ్గొట్టింది నేనే. లాగిన బరువూ నేనే," అన్నాడు సుత్తి. "పోలీసుల్ని పిలవండి."

పోలీసుల కంటే ముందు ముసలాయన కూతురు వచ్చింది. వరండాలో ఆమెకి ఎదురెళ్లి, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. చెప్పి, కొడుతుందని మొహం ఎదురుపెట్టి నిలబడ్డాడు.

ఆమె కొట్టలేదు. గోడ పట్టుకుని బెంచీ మీద కూలబడింది.

"వద్దంటే వినడు. ఏ పడవవాళ్లూ పనివ్వరని తెలుసు. చెప్పకుండా ఎక్కేసుంటాడు."

"ఎందుకివ్వరమ్మా? తాళ్ల పనిలో ఆయనంతటివాణ్ని నేను చూళ్లేదు."

ఆమె అతని మొహంలోకి వింతగా చూసింది.

"మూడు రోజులు పక్కనే ఉండి మీలో ఒక్కరికీ తెలీలేదా? నాన్నకి చూపు పోయి ఆరేళ్లయింది."