చిలుక పిలిచిన పేరు

వకుళమ్మ ఇంట్లో ఒక చిలుక ఉండేది. మనుషుల మాటలన్నీ తనకు తెలుసని దానికి మహా గీర. వీధి కుక్కల్ని అందరూ "ఛేయ్! ఛేయ్!" అనడం పంజరంలోంచి విని, కుక్కల పేరు అదే అనుకుంది.

ఒకరోజు వకుళమ్మ ఎక్కడో దెబ్బలు తిన్న కుక్కను పెంచుకుందామని తీసుకొచ్చింది. అది వస్తూనే మంచం కింద దూరింది. అన్నం పెట్టినా బయటికి రాలేదు.

పాపం, కొత్త చోటు కదా అని చిలుక ఆప్యాయంగా పిలిచింది. "ఛేయ్!"

కుక్క వణుకుతూ గోడకు అతుక్కుపోయింది. వినపడలేదేమోనని చిలుక ఇంకా గట్టిగా పిలిచింది. చివరికి, వకుళమ్మ నీళ్ళు పోసి పంజరం తలుపు వేయడం మరిచిపోతే, చిలుక కిందికి దిగి మంచం కిందికే నడిచింది.

"ఛేయ్ గారూ! నేనండీ, పంజరంలో ఉంటాను."

కుక్క పళ్ళు బయటపెట్టింది. "ఇంకొక్క అడుగు వేశావంటే కరుస్తాను. కరిస్తే నన్ను మళ్ళీ రోడ్డు మీద వదిలేస్తారు. నీకు దణ్ణం పెడతాను, వెనక్కి వెళ్ళు."

చిలుక అక్కడే ఆగింది. "పేరు పెట్టి పిలిస్తే అంత కోపమా?"

"అది పేరు కాదు. ఆ మాట వెనకాలే రాయి వస్తుంది."

చిలుక అప్పుడు చూసింది, కుక్క చెవి మీద మానని గాయాన్ని. వెనక్కి వెనక్కి నడిచి పంజరంలోకి ఎక్కేసింది.

సాయంత్రం దాకా అది నోరు విప్పలేదు. చిలుకకు ఏదో జబ్బు చేసిందని వకుళమ్మ కంగారుపడింది.

మంచం కింద నుంచి కుక్క మెల్లగా తల బయటపెట్టి, అన్నం గిన్నె వైపు చూసింది.