నలభై రోజుల మోతాదు

“మురుక్కి టానిక్కా?” అని యుగంధర్ పగలబడి నవ్వాడు.

ఎదురుగా నిలబడ్డ గౌరి నవ్వలేదు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్తాడు. తల్లి చేపలు అమ్ముతుంది. గౌరి చేతిలో ఒక డబ్బా, అందులో ఇనుము బాగా ఉన్న రాతిని దంచిన పొడి.

“టానిక్కే సర్. బురదను తిని గ్యాస్ తయారుచేసే సూక్ష్మజీవులకు ఇలాంటి ఖనిజాలు చాలకపోతే నీరసపడిపోతాయి. రోజూ రెండు కిలోలు ట్యాంకులో పడితే గ్యాస్ పెరుగుతుంది. నలభై రోజులు చూడండి.”

“చేపల బుట్ట దించి మురుగు బుట్ట ఎత్తుకున్నావన్నమాట. వాసన ఇంట్లోనే అలవాటై ఉంటుందిలే.”

“అలవాటే సర్. అందుకే ముక్కు మూసుకోకుండా పని చేసుకోగలను.”

యుగంధర్ ముక్కు దగ్గరున్న జేబురుమాలు చటుక్కున కిందికి దిగింది.

నరసన్నపేట దాటాక హైవే పక్కనున్న ఆ మురుగు శుద్ధి కేంద్రానికి అతను మేనేజరు. ఆరేళ్ళ ఉద్యోగంలో గ్యాస్ ట్యాంకు దగ్గరికి వెళ్ళింది రెండేసార్లు. రెండుసార్లూ ఫొటో కోసమే. గ్యాస్ రావడం లేదు, ట్యాంకు దండగ, మూసేయండి అని పైకి రాసిందీ అతనే. ఇప్పుడు ఈ పిల్ల పొడితో గ్యాస్ వస్తే, ఇన్నాళ్ళూ నువ్వేం చేశావని అడగరూ?

కానీ పైనుంచి గౌరికి అనుమతి వచ్చేసింది. ఆమె పొడిని తూచి, నలభై చిన్న సంచుల్లో కట్టి, ట్యాంకు చూసుకునే కూర్మయ్యకు అప్పగించింది.

“రోజుకొకటి బాబాయ్. మరిసిపోకు.”

“మరిసిపోనమ్మా.”

ఆమె అటు వెళ్ళగానే యుగంధర్ కూర్మయ్యను పిలిచాడు.

“ఆ సంచులు నా గదిలో పెట్టు. నేనే పోస్తాను.”

“మీరేటి బాబూ, ఆ కంపులోకి...”

“చెప్పింది చెయ్యి. మీటరు చూసి అంకెలు రాయడం వరకే నీ పని.”

మర్నాటి నుంచి యుగంధర్ పొద్దున్నే వచ్చేవాడు. సంచి పట్టుకుని షెడ్డు వెనక్కి వెళ్ళేవాడు. అక్కడొక సిమెంటు కాలువ. పొడి అందులో కుమ్మరించి, చేతులు దులుపుకుని, ఈల వేసుకుంటూ గదిలోకి పోయేవాడు. ఈ పనికి ఎవర్నీ నమ్మలేదు. ఆదివారాలు కూడా కారేసుకుని వచ్చాడు. అంత శ్రద్ధగా అతను తన ఉద్యోగం ఏనాడూ చేయలేదు.

పన్నెండో రోజుకి గ్యాస్ పెరిగింది. ఇరవయ్యో రోజుకి ఇంకా పెరిగింది.

“బాబూ, గేస్ గొట్టం మీద మంట సూడండి, ఎలా ఎగుస్తన్నాదో!” అని కూర్మయ్య పరుగెత్తుకొచ్చాడు.

యుగంధర్ లోపల్లోపల నవ్వుకున్నాడు. పిల్ల గట్టిదే. ముసలాడి చేత దొంగ అంకెలు రాయిస్తోంది. రాయించనీ. నలుగురిలో పట్టుకుంటే మజాగా ఉంటుంది.

నలభై ఒకటో రోజు చీఫ్ ఇంజనీరు లక్ష్మీకామేశ్వరి వచ్చింది. గౌరి కాగితాలు ఆమె ముందు పరిచింది. మూడేళ్ళ చదువు ఆ కాగితాల మీదే ఆధారపడి ఉంది.

“గ్యాస్ ముప్పై శాతం పెరిగింది మేడమ్.”

యుగంధర్ తీరిగ్గా లేచాడు.

“ఇవన్నీ దొంగ అంకెలు మేడమ్. చిటికెడు పొడి కూడా ట్యాంకులో పడలేదు. నలభై సంచులూ నా చేత్తో నేనే షెడ్డు వెనక కాలువలో పోశాను. వెయ్యని మందుకి రోగం ఎలా తగ్గింది? వేటకెళ్ళేవాళ్ళ పిల్ల కదా, గాలం మనకే వేసింది!”

గౌరి ముఖం పాలిపోయింది. కాగితాలు మళ్ళీ మొదటి నుంచి తిరగేసింది.

లక్ష్మీకామేశ్వరి గుమ్మం దగ్గరున్న కూర్మయ్య వైపు తిరిగింది.

“నువ్వు చెప్పు. మీ సారు ఆ కాలువలో పోయడం నిజమేనా?”

కూర్మయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

“నిజవేనమ్మా, బాబు ఒక్క దినం కూడా తప్పకుండా పోసినారు, ఆ కాలవ తిన్నగా మన టేంకులోకే ఎల్తాది.”