తాళం లేని పెట్టె

మధ్యాహ్నం రెండవుతున్నా లియావ్ పిన్ని అన్నం కొట్టు గోడ మీది తెర నల్లగానే ఉంది. ఎదురుగా ఆరుగురు ముసలాళ్లు ఖాళీ గిన్నెలు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"ఎర్రగడ్డం వీరుడు విషం తాగాడా లేదా? ముందది చెప్పు," అన్నాడు ఛిన్ తాత.

నిన్న తెర మీద చేతిబొమ్మలాట సరిగ్గా అక్కడ ఆగింది. తెల్లారేసరికి ఆ తెరను నడిపే కంప్యూటర్ తనంతట తానే కొత్త వెర్షన్ ఎక్కించుకుంది. బొమ్మలాటలున్న ఫోల్డర్ మాయం. యంత్రాలు మొండికేయవనే నమ్మకంతో వాటి నెత్తిన పెట్టే ఆకుపచ్చ చిరుతిళ్ల పొట్లం గడువు కూడా చూసింది పిన్ని. ఇంకా నాలుగు నెలలుంది.

ఎదురు కొట్టువాడు కొత్తగా పెద్ద టీవీ పెట్టాడు. పొద్దస్తమానం బేస్‌బాల్. ఈ ఆరుగురూ అటు జారుకుంటే వాళ్ల వెనకే వీధంతా జారుకుంటుందని పిన్ని భయం. అందుకే డాబా మీది రేకుల గదిలో అద్దెకుంటున్న రిపేర్ల పో-యెన్‌ని నిద్ర లేపి మరీ లాక్కొచ్చి, చేతిలో అన్నం గిన్నె పెట్టి, కంప్యూటర్ ముందు కూలేసింది.

అతను కాసేపు మీటలు నొక్కాడు.

"నీ కంప్యూటర్ శుభ్రంగా ఉంది పిన్నీ. బొమ్మలాటలు దాచిన డిస్కు పెట్టె నెట్ లైన్లో వేరేచోట ఉంది కదా, దానికి పాస్‌వర్డ్ లేదు. పాత సిస్టమ్ పట్టించుకునేది కాదు. కొత్తదేమో తాళం లేని ఇంట్లో అడుగు పెట్టనంటోంది. పెట్టె ఎక్కడుందో చూపించు, చిటికెలో పాస్‌వర్డ్ పెట్టేస్తా."

పిన్ని గరిటె పక్కన పెట్టి అతని చెవి దగ్గరికి వంగింది.

"అది నాది కాదురా."

"మరి?"

"ఈ బిల్డింగ్‌లో ఎవరిదో. అందరికీ ఒకటే నెట్ లైను కదా. రెండేళ్ల కిందట ఓ రోజు ఆ ఫోల్డర్ దానంతటదే కనిపించింది. నొక్కాను, ఆడింది. ఎవరినీ అడగలేదు. అడిగితే మూసేస్తారని."

"అంటే రెండేళ్లుగా దొంగచాటుగా..."

"మెల్లిగా ఏడువు. మూడో అంతస్తు కుంగ్ మాస్టారిదని నా అనుమానం. అందుకే ఆయనొస్తే గిన్నెలో ఓ గుడ్డు ఎక్కువ వేస్తా. ఎందుకు వేశావని ఒక్కసారైనా అడగలేదు. ఆయనదే అయ్యుంటుంది."

పో-యెన్ తన గిన్నెలోకి చూసుకున్నాడు. "నాకెప్పుడూ వెయ్యలేదే?"

"నీ దగ్గరేముందని వెయ్యాలి?"

"సరే, మాస్టారినే అడిగొస్తా."

"అడిగావంటే కాళ్లు విరగ్గొడతా. ఆయన మొహం మళ్లీ ఎలా చూడను?"

ఇంతలో ఎదురు కొట్టులోంచి కేకలు వినిపించాయి. ఎవరో బంతిని గట్టిగా బాదినట్టున్నారు. ఛిన్ తాత లేచి నిలబడ్డాడు. మిగతా ఐదుగురూ చేతికర్రల కోసం తడుముకోసాగారు. పిన్ని మొహం పాలిపోయింది. గయ్యాళే గాని, ఆ క్షణంలో ఆవిణ్ణి చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

"ఒక్క ఐదు నిమిషాలు తాతా. స్క్రూడ్రైవర్ మర్చిపోయాను," అంటూ పో-యెన్ మెట్లెక్కాడు.

చెప్పినట్టే వచ్చాడు. స్క్రూడ్రైవర్‌ని జేబులోనే ఉంచుకుని కీబోర్డు మీద ఏదో కొట్టాడు. ఫోల్డర్ తెరుచుకుంది. తెర మీద ఎర్రగడ్డం వీరుడు విషపు గిన్నె పట్టుకుని ప్రత్యక్షమయ్యాడు.

"ఏం చేశావురా?"

"బతిమాలుకున్నా. ఒప్పుకుంది."

వీరుడు విషాన్ని పూలకుండీలో పారబోశాడు. ఆరుగురూ బల్లలు చరిచి మళ్లీ సూప్ తెమ్మన్నారు. పిన్ని సంతోషం పట్టలేక అందరికీ గిన్నెలు నిండా పోసింది.

"ఆ పెట్టెగలవాడు చల్లగా ఉండాలి. రేపట్నుంచి మాస్టారికి రెండు గుడ్లు."

"వెయ్యి పిన్నీ, పెద్దాయన," అన్నాడు పో-యెన్ మూతి తుడుచుకుంటూ.

తర్వాత డాబా మీది గదికి వెళ్లి, చివరి రోజుల్లో ఖాళీ కుర్చీల ముందు బొమ్మలాడించిన తన తాతయ్య వీడియో క్యాసెట్లలోంచి, కింద ఆ ఆరుగురి కోసం రేపటి భాగాన్ని మంచం కింద, ఇందాకే పాస్‌వర్డ్ పెట్టిన పెట్టెలోకి ఎక్కించాడు.