ఇటుక మీద అడుగు

మ్యూజియం గేటు ముందు స్కూటర్ ఆగీ ఆగకముందే చిలక దూకేసింది.

చిలక ఆమె అసలు పేరు కాదు. నిద్రలో కూడా కబుర్లు చెబుతుందని పుట్టింటివాళ్ళు పెట్టిన ముద్దుపేరు. ఆ పేరు ఎందుకొచ్చిందో పెళ్ళయిన మర్నాటికే మొగుడికి తెలిసిపోయింది.

"మీ స్కూటర్‌కి ఇవాళే పంక్చరవ్వాలా? అందరికన్నా ఆఖర్న వచ్చాను!"

"ఆఖర్న వచ్చినవాళ్ళే బాగా గుర్తుంటారు. వెళ్ళు, వెళ్ళు" అంటూ ఆమె చెంపకంటిన గ్రీజు తుడవబోయి, ఇంకాస్త పులిమాడు మొగుడు.

ఈ ఉద్యోగం మీద చిలక పంచప్రాణాలూ పెట్టుకుంది. మ్యూజియానికి వచ్చే బడిపిల్లలకు అక్కడి వస్తువులు చూపిస్తూ ఊరి చరిత్ర చెప్పాలి. ఉన్నది ఒకే ఒక్క ఖాళీ. 'చరిత్ర చదివి ఏం ఉద్ధరిస్తావే' అన్న మేనత్త నోరు మూయించడానికి ఇంతకన్నా మంచి అవకాశం మళ్ళీ రాదు.

క్యూరేటర్ మేడం గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"వచ్చారా! పదండమ్మా, పదండి. మీకు నచ్చిన వస్తువొకటి తీసుకుని పాఠం చెప్పండి. మార్కులు వేసేవాళ్ళు హాల్లోనే ఉన్నారు. వాళ్ళని మెప్పిస్తే ఉద్యోగం మీదే."

హాల్లో చాపల మీద ఒక తరగతి పిల్లలు వాడిపోయిన ముఖాలతో కూర్చుని ఉన్నారు. గోడవార కుర్చీల్లో ముగ్గురు పెద్దవాళ్ళు. సోడాబుడ్డి కళ్ళద్దాలాయన, టై కట్టుకున్న యువకుడు, ఒళ్ళో ఫైలు పెట్టుకున్న ఆవిడ. ముగ్గురి ముఖాల్లోనూ మచ్చుకి కూడా నవ్వు లేదు.

చిలక బల్ల మీదున్న పాత ఇటుకని రెండు చేతులా ఎత్తుకుని, కుర్చీలవైపు తిరిగి వినయంగా మొదలుపెట్టింది.

"పెద్దలందరికీ నమస్కారం. ఈ ఇటుక మన కోటగోడలోనిది. ఏటి ఒండ్రుమట్టితో చేసి, బట్టీలో కాల్చి..."

చాప మీద ఒకడు ఆవులించాడు. అది పక్కవాడికి, వాడి పక్కవాడికి అంటుకుంది. కుర్చీలో టై యువకుడు మాత్రం హాయిగా వెనక్కి వాలాడు. అమ్మయ్య, నచ్చుతోంది అనుకుంది చిలక.

"అక్కా, నీ చెంప మీద నల్లగా ఏంటి?"

ముందు వరసలోని రెండు జడల పిల్ల.

చిలకకి నవ్వాగలేదు. "మా స్కూటర్ వేసిన ముద్రమ్మా. ఈ ఇటుక మీద కూడా అలాంటిదొకటుంది. చూస్తావా?"

ఇక కుర్చీల సంగతే మర్చిపోయింది. వెళ్ళి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పిల్లలు ఇటుక చుట్టూ మూగారు.

"పిల్లి అడుగు!"

"కాదు, పులిది!"

"మా తమ్ముడిది!"

"కుక్కది" అంది చిలక గొంతు తగ్గించి. "కోట కట్టే రోజుల్లో, పచ్చి ఇటుకలు ఏటి ఒడ్డున ఆరబెట్టి, చేసినవాళ్ళు అన్నాలు తిని కునుకు తీశారట. ఎగువన కుండపోత. ఏరు పొంగుతోంది. ఎవ్వరికీ తెలీదు. ఒక్క కుక్కకే తెలిసింది. ఆ ఇటుకల మీదుగా ఒక్క పరుగున వచ్చి..."

"వచ్చి?"

చిలక ఇస్త్రీ బట్టలతోనే మోకాళ్ళూ చేతులూ నేలకి ఆనించి, "భౌ! భౌ!" అంది.

హాలు దద్దరిల్లింది. సగంమంది పిల్లలు గురకలు పెట్టారు. మిగతా సగం కుక్కలై మొరిగి వాళ్ళని లేపారు. ఏరు వచ్చిపడుతోందని అందరూ కలిసి మూలనున్న బల్లెక్కారు.

సోడాబుడ్డి కళ్ళద్దాలాయన గొంతు సవరించుకున్నాడు.

"అది పరుగెత్తుకొచ్చిందనడానికి ఆధారం ఏమిటండీ? తీరిగ్గా నడిచి వెళ్ళిన కుక్కేమో!"

చిలక లేచి బట్టలు దులుపుకుంది.

"లేపిందన్నది జనం చెప్పుకునే కథ సార్. పరుగు సంగతి ఇటుకనే అడుగుదాం. ఎవరడుగుతారు?"

రెండు జడల పిల్ల అడుగు పడిన గుంటలో వేళ్ళు పెట్టి తడిమింది. "ముందర గోళ్ళ దగ్గర బాగా లోతుందక్కా. వెనకాల ఏమీ లేదు."

"అయితే?"

ఆ పిల్ల లేచి, హాలు ఆ చివరిదాకా పరుగెత్తి, తన పాదాలవైపు చూసుకుంది.

"పరుగెత్తిందక్కా! నాకూ మునివేళ్ళే ఆనాయి!"

పిల్లలు చప్పట్లతో పైకప్పు ఎగరగొట్టారు. చిలక ఓరకంట కుర్చీలవైపు చూసింది. ఆవిడ ఫైలు మూసేసింది. టై యువకుడు టై వదులు చేసుకుని చెమట తుడుచుకుంటున్నాడు. కళ్ళద్దాలాయన కిటికీలోంచి ఎటో చూస్తున్నాడు.

ఇంక అక్కడ నిలబడే ధైర్యం చాల్లేదు చిలకకి. గబగబా గేటు దగ్గరికి నడిచింది.

"ఎలా జరిగింది?" మొగుడు ఎదురొచ్చాడు.

"మొరిగాను."

"ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదు. నాలుగు కాళ్ళ మీద నిలబడి, కుక్కలా."

మొగుడు స్కూటర్ సీటు పట్టుకుని మరీ నవ్వాడు. "మా అమ్మ ముందు నోరు పెగలదు గానీ, ఇంటర్వ్యూలో మొరిగొచ్చావా?"

"నవ్వండి, నవ్వండి. బంగారంలాంటి ఉద్యోగం చేజేతులా పోగొట్టుకున్నాను."

"పోతే పోయిందిలే. ఇంటికెళ్ళాక నాకోసం ఇంకోసారి మొరుగు."

ఆమె అతని వీపు మీద ఒక్కటివ్వబోతుంటే, క్యూరేటర్ మేడం ఆయాసపడుతూ మెట్లు దిగి వచ్చింది.

"చెప్పకుండా వెళ్ళిపోతే ఎలాగమ్మా? సోమవారం నుంచి పనిలోకి రండి!"

చిలక ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి మేడం వైపు తిరిగింది.

"మరి... కుర్చీల్లో ఆ ముగ్గురి ముఖాల్లోనూ కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు కదా మేడం. వాళ్ళు నాకు మార్కులెలా వేశారు?"

"వాళ్ళెందుకు వేస్తారమ్మా, ఆ ముగ్గురూ ఇదే ఉద్యోగం కోసం మీకన్నా ముందొచ్చి పాఠం చెప్పినవాళ్ళు, మార్కులు వేసింది చాప మీది పిల్లలు!"