ఊ కొట్టనివాడు

మార్గశిరంలో ఒక సంతనాటి సాయంత్రం, నర్సీపట్నం పఠన మందిరం అరుగు మీద ఆ మనిషి మళ్ళీ కళ్ళు మూశాడు.

సోమయాజులు గారికి ఒళ్ళు మండింది.

ఆయన రిటైరైన బడిపంతులు. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. చదువు రానివాళ్ళ కోసం ప్రతి సంతనాడూ ఒక పుస్తకం తీసి పైకి చదివేవారు. వారమంతా ఆ ఒక్క సాయంత్రం కోసమే ఎదురుచూసేవారు. ప్రతిఫలంగా ఆయన కోరేదల్లా ఒకటే, వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ వినబడిందంటే కథ లోపలికి దిగుతోందని ఆయన నమ్మకం. అందుకే, మాటకో ఊ కొట్టే బండి సూరన్నంటే ఆయనకు ప్రాణం.

ఈ గంగులు అలా కాదు. కొండ మీదికి ఉప్పు, కొండ మీంచి చింతపండు మోసే కావిడివాడు. కావిడి దించి, స్తంభానికి చేరగిలబడి, చదవడం మొదలవగానే కళ్ళు మూసేవాడు. రెండేళ్ళలో వాడి నోట ఒక్క ఊ వస్తే ఒట్టు.

ఆ రోజు చదువుతున్నది కొత్త నవల. వరదలో తల్లి చేతిలోంచి పిల్ల చెయ్యి జారిపోయే ఘట్టం వచ్చింది.

సోమయాజులు గారి గొంతు పూడుకుపోయింది.

ఎనిమిదేళ్ళ కూతుర్ని ఏటి వరదలో పోగొట్టుకున్న మనిషి ఆయన. పాతికేళ్ళయినా ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు. చదవడం ఆపి, చెంబు అందుకుని నీళ్ళు తాగారు.

ఆ నిశ్శబ్దానికి కూడా సూరన్న ఊ కొట్టాడు.

తలెత్తి చూస్తే ఎదురుగా గంగులు, కళ్ళు మూసుకుని. లోపలి దుఃఖమంతా కోపమై ఆ మనిషి మీదికి తిరిగింది.

"నిద్రపోవాలంటే సత్రానికి పో. ఇంకెప్పుడూ ఇక్కడికి రాకు."

గంగులు లేచాడు. "సిత్తం బాబూ" అని కావిడెత్తుకున్నాడు. మెట్లు దిగాక ఒక్కసారి పుస్తకం వైపు తిరిగి చూసి వెళ్ళిపోయాడు.

మార్గశిరం పోయి, ప్రభవ నామ సంవత్సరం ఉగాది వచ్చింది.

ఆ ఏడాది విన్న పుస్తకాల్లో ఎవరికేది నచ్చిందో ఉగాదినాడు చెప్పాలి. సోమయాజులు గారు ఆ పేర్లు నల్లబల్ల మీద రాస్తారు. అది ఆ అరుగు మీద ఆనవాయితీ. ఈసారి మందిరం అధ్యక్షులు, ప్లీడరు సోమసుందరం గారు స్వయంగా వచ్చి కూర్చున్నారు. వినేవాళ్ళకు ఏమీ ఎక్కడం లేదని ఆయన చెవిన పడిందట. ఒక్కరైనా నచ్చిన కథ చెప్పలేకపోతే ఈ సంతనాటి చదువు ఇంతటితో ఆపేద్దామని ముందే కబురు పెట్టారు.

సోమయాజులు గారు ఆశగా సూరన్న వంక చూశారు.

అన్నీ బాగానే ఉన్నాయన్నాడు సూరన్న. ఏదో ఒకటి చెప్పమంటే, తల గోక్కుని, రాజు గారి కథ అన్నాడు. ఆ ఏడాది చదివిన ఏ పుస్తకంలోనూ రాజు లేడు. మిగిలినవాళ్ళు ఆ మాత్రం కూడా చెప్పలేదు.

ప్లీడరు గారు నొచ్చుకుంటూనే లేచారు.

అప్పుడే కొండవాళ్ళు నలుగురు మెట్ల దగ్గర ఆగారు. ముందున్నామె చేతిలో సొరకాయ బుర్ర ఉంది. పేరు సీతాలట.

"సోమయాజులు పంతులు గారంటే తవరేనా బాబూ? గొంతు నెమ్మదించిందా?"

ఆయనకు అర్థం కాలేదు. తన గొంతుకేమైందని అడిగారు.

"గొంతు పాడై సదవడం ఆపేసినారని గంగులు మావ సెప్పినాడు. అందుకే కొండ తేనె తెచ్చినాం."

గంగులు ఏడని అడిగారాయన. పుష్యమాసంలో మన్యం జ్వరం వచ్చి చనిపోయాడని చెప్పిందామె.

సోమయాజులు గారు పక్కనున్న స్తంభం పట్టుకున్నారు. అది గంగులు చేరగిలబడే స్తంభం. తనను పొమ్మన్న సంగతి ఆ మనిషి కొండ మీద ఎవరికీ చెప్పలేదు. సిగ్గుతో ఆయన తల ఎత్తలేకపోయారు.

మిగతాది సీతాలే చెప్పింది. ఇక్కడ విన్న ప్రతి కథనూ గంగులు ఏడు ఊళ్ళు తిరిగి చెప్పేవాడట. ఊ కొడితే మాట జారిపోతుందని, కళ్ళు మూసుకుని మాటకు మాట పట్టుకునేవాడట.

"ఈ యేడు కతల్లో మా ఏడూళ్ళకీ నచ్చింది ఏట్లో పిల్ల కతే బాబూ. ఆ పిల్ల ఒడ్డుకి సేరిందో నేదో మావకీ తెలీదు. అడిగి పోదావని వొచ్చినాం."

తెలిసినంత వరకూ చెప్పమన్నారు ప్లీడరు గారు. ఆమె మెట్టు మీద కూర్చుని మొదలుపెట్టింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే, ఒక్క ముక్క పొల్లుపోలేదు. వెళ్ళబోయిన ప్లీడరు గారు మళ్ళీ చాప మీద కూర్చుని, ఈ చదువు ఆపే మాట ఇక లేదని సోమయాజులు గారి చెవిలో చెప్పారు.

సోమయాజులు గారు స్తంభానికి చేరగిలబడి కళ్ళు మూసుకున్నారు. ఊ కొట్టలేదు.

తల్లి చేతిలోంచి పిల్ల చెయ్యి జారిపోయింది. సీతాలు ఠక్కున ఆగింది.

సూరన్న ఊ కొట్టాడు. అయినా ఆమె మాట్లాడలేదు.

మరిచిపోయావా అమ్మా అని ప్లీడరు గారు మెల్లగా అడిగారు.

"నేదు బాబూ. ఇక్కడ పంతులు గారికి గొంతు పూడుకుపోద్ది, ఆయన నెమ్మదించేదాకా మనవందరం ఆగాలని గంగులు మావ సెప్పినాడు."