మొసలికి మేత

సత్యానందం చప్పట్లు కొడితే ఎలిగేటర్ ఒడ్డుకి వచ్చేది.

ఫ్లోరిడాలో సరస్సు పక్కన ఇల్లు కొన్న కొత్త. ఆదివారం చర్చి నుంచి భోజనానికి వచ్చినవాళ్లకి ఆ ముచ్చట చూపించడం అతనికి సరదా.

ఒక ఆదివారం ఆమోసు కుటుంబం వచ్చింది. సత్యానందం కోడి ముక్క విసిరాడు. మొసలి నమలకుండానే తల పైకెత్తి మింగేసింది. సత్యానందం ఐదేళ్ల కూతురు రూతు కిలకిలా నవ్వింది.

"దయచేసి దానికేమీ పెట్టకండి."

అందరూ తిరిగి చూశారు. ఫెన్స్ అవతల ఒక ముసలాయన, అమెరికన్. బురద కొట్టుకున్న ప్యాంటు, చేతిలో పొడుగాటి కర్ర. గట్టు మీద తిరుగుతూ అప్పుడప్పుడూ కనిపించేవాడే.

"పాపం, ఆకలేస్తుందేమో," అంది సత్యానందం భార్య ప్రేమజ్యోతి.

"దాని తిండి ఆ నీళ్లలోనే ఉందమ్మా. చేపలు, తాబేళ్లు, నత్తలు, కొంగలు. ఒకసారి కడుపు నిండితే వారాలపాటు ఉండగలదు. చలికాలం దాదాపు తినదు. మీరు పెడితే మాత్రం, మనిషి కనిపిస్తే చాలు తిండి అనుకుంటుంది."

"ఇది మా పెరడు," అన్నాడు సత్యానందం. చుట్టాల్లాంటి వాళ్ల ముందు చిన్నతనంగా అనిపించింది.

మంగళవారం ఆయన మళ్లీ వచ్చాడు. గురువారం కూడా. ఆ రోజు పెరట్లో రూతు ఒక్కతే ఉంది.

"నీకెన్నేళ్లమ్మా?" అని అడిగాడు.

"ఫైవ్."

ఆయన ఫెన్స్ పట్టుకుని పాపనే చూస్తూ నిలబడ్డాడు.

కిటికీలోంచి చూసిన సత్యానందం ఫోన్ తీశాడు. "పోలీస్‌కి కాల్ చేస్తున్నాను."

"ఎందుకండీ, పెద్దాయన. ఏమన్నాడని?"

"నీకు తెలీదు. ఊరికే పాప చుట్టూ తిరుగుతున్నాడు."

పోలీసులొచ్చి, ఇటువైపు రావద్దని ఆయనకి చెప్పారు. ఆయన వాదించలేదు. "పాపని నీళ్ల దగ్గరికి రానివ్వకండి," అని మాత్రం అని, వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం మొసలి తనంతట తానే పెరట్లోకి వచ్చింది. రూతు సంతోషంగా చప్పట్లు కొట్టింది.

ప్రేమజ్యోతి పరుగెత్తి పిల్లని లాక్కునేసరికి గౌను అంచు మొసలి నోట్లో ఉంది.

వన్యప్రాణుల శాఖ అధికారి వచ్చాడు. "మనిషికి అలవాటు పడ్డదాన్ని వేరే చోట వదల్లేం," అన్నాడు. తుపాకీ చప్పుడయ్యాక సత్యానందం అధికారి దగ్గరికి వెళ్లాడు.

"గట్టు మీద తిరిగే పెద్దాయన, మీ శాఖ ఆయనే అయ్యుంటారు, నాకు ముందే చెప్పారు. వినలేదు. పైగా ఆయన మీదికి పోలీసుల్ని పిలిచాను. ఆయన్ని కలిసి క్షమాపణ అడగాలి."

"మా శాఖ ఆయనెవరు?"

సత్యానందం ఆనవాళ్లు చెప్పాడు.

"ఓ, వీవర్ గారా. పది రోజులైంది, గుండెపోటుతో పోయారు."



"మీ శాఖ కాకపోతే, మొసళ్ల గురించి ఆయనకి అంత ఎలా తెలుసు?"

అధికారి నీళ్లవైపు చూశాడు.

"ఏడేళ్ల కిందట ఆయన మనవరాలిని ఒక ఎలిగేటర్ లాక్కెళ్లిపోయింది సార్, దానికి రోజూ తన చేత్తో తిండి పెట్టి ఒడ్డుకి అలవాటు చేసింది ఆయనే."